తొమ్మిదో మెట్టు

బల్లారట్‌లో ఆ పాత గింజల కొట్టు మేడకి
మెట్లు పదిహేడు.
తొమ్మిదోది మిగతావాటి కంటే అరంగుళం ఎత్తు.
కొత్తగా చేరిన ప్రతివాళ్ళ కాలూ అక్కడ తట్టుకుంటుంది.
నాదీ తట్టుకుంది, చంకలోని కాగితం చుట్టలు కిందిదాకా దొర్లాయి.
"కార్మక్ టోబిన్ నిన్ను పలకరించాడు"
అంది పైనుంచి లైబ్రరీ ఆవిడ, నవ్వకుండా.

క్లేర్ నుంచి వచ్చినవాడట.
ఆలుగడ్డలు మట్టిలోనే నల్లబడిన ఏళ్ళలో
ఆకలి ఎంత దూరం నడవగలదో
చిన్నప్పుడే కొలిచినవాడు.
యాభై మూడులో ఓడ దిగాడు,
భుజాన అరవై ఆరడుగుల గొలుసు,
నూరు లంకెలు, పదింటికో ఇత్తడి బిళ్ళ.
మా వైపు కరణాలు రైతుల ఊపిరి బిగబట్టించిన గొలుసే అది.

పన్నెండడుగుల చదరం కోసం తలలు పగలగొట్టుకునే
బంగారపు గుంటల మధ్య మేకులు దిగేశాడు.
తరవాత వీధులు. ఆ తరవాత ఊరు.
అతని కొలతల పుస్తకంలో
ఒక పేజీ అంచున పెన్సిల్ రాత:
"ఇక్కడ పొగ. మనుషులున్నారు.
ఒక ముసలామె మా గొలుసు దాటి వెళ్ళింది,
కిందికి చూడకుండా."
పేజీ తిప్పాను.
గీత ఆగలేదు.

డెబ్బై ఒకటి, జూలై, నాలుగు రోజుల వాన.
కొత్త గోదాము పక్కగోడ కూలింది.
దాని కింద జేబెజ్ ట్రెగోనింగ్,
తాపీ పనికి కుదిరి ఆరు వారాలు, పదమూడేళ్ళు.
విచారణలో టోబిన్ అడిగింది ఒక్కటే:
"ఈ గోడ బొమ్మ ఎవరు గీశారు?"
మేస్త్రీ గుత్తేదారు వైపు చూశాడు,
గుత్తేదారు యజమాని వైపు,
యజమాని ఆ గది పైకప్పు వైపు.
అదీ ఎవరూ గీయనిదే.

ఊరి సంఘానికి అర్జీ పెట్టాడు:
ఒక గది, ఆరు దీపాలు, ఒక నల్లబల్ల.
ఇల్లు కట్టడం చేతిపని, దానికి బడెందుకన్నారు.
మళ్ళీ పెట్టాడు.
ఐరిష్‌వాడా మనకు నేర్పేది, అన్నారు,
మెల్లగానే, వినపడేట్టు.
పదకొండు అర్జీలు.
పన్నెండోది రాయలేదు, గుర్రాన్ని అమ్మాడు.

గింజల కొట్టు మేడ మీద
మంగళ, శుక్రవారాలు, రాత్రి ఏడింటికి
వడ్రంగులు, ఇటుకబట్టీ వాళ్ళు, మోకాళ్ళ దాకా బురదతో గనివాళ్ళు.
చివరి బల్ల మీద దర్జీ కూతురు హెస్టర్ పాస్కో.
గొణిగినవాళ్ళతో అన్నాడట:
"చొక్కా చంక వంపు కత్తిరించే పిల్లకి
కమాను అర్థం కాదంటారా?"

మొదటి నెల పెన్సిల్ ముట్టుకోనిచ్చేవాడు కాదు.
మీ ఇంటి గడప ఎత్తెంత?
నీళ్ళ బాల్చీ మోసే మీ అమ్మ
పొయ్యి దాకా ఎన్నిసార్లు వంగుతుంది?
మీ కిటికీ వెలుగు కోసమా, వీధి కోసమా?
రసమట్టంలో బుడగ చూపించి అనేవాడు:
"ఇది అబద్ధమాడదు.
అడగనిదే నిజమూ చెప్పదు."

తను మాత్రం ఒక్క భవనమూ కట్టలేదు.
సొంతింటి వంటగది నేలే వాలు.
"ఊరందరి గోడలకీ తూకంగుండు వేలాడదీస్తాడు,
మా బల్ల మీద ఉల్లిపాయ పెడితే నా ఒళ్ళోకి దొర్లుతుంది"
అని చెల్లెలికి రాసుకుంది హనోరా.

ఎనభై తొమ్మిదిలో పోయాడు,
గది అద్దె మూడు నెలలు బాకీ.
ఎన్నో ఏళ్ళకి పెద్ద నగరంలో
ఆర్కిటెక్చర్‌కి బడి తెరిచినప్పుడు
ప్రారంభ ఉపన్యాసంలో అతని పేరు లేదు.
పదకొండో అర్జీలోని మాటలు మాత్రం
కామాలతో సహా ఉన్నాయి.

తొమ్మిదో మెట్టు సరిచేస్తానని ఓ వడ్రంగి శిష్యుడు వస్తే
"ఉండనీ, పుస్తకం కంటే ముందు కాలికి తెలియాలి" అన్నాడంటారు.
కాదు, చేతిలో డబ్బు లేకే అంటారు ఇంకొందరు.
నేను రెండూ నమ్ముతాను.

పోయిన వారం భద్రతా తనిఖీకి ఒకాయన వచ్చాడు.
టేపు పెట్టి కొలిచాడు.
నిబంధనలకు విరుద్ధం, అని రాసుకున్నాడు.
దిగేటప్పుడు ఒక్కసారి తూలి
కమ్మీ పట్టుకుని
ఆగి
కిందికి చూశాడు.